గువ్వలచెరువు ఘాట్‌లో ఆటోమేటిక్ బండి మూడో గేరు జారుతోంది, గేర్‌బాక్స్ దింపాల్సిందేనా?

కడప లెక్చరమ్మ:

అందరికీ నమస్కారం. మాది కడప. రాయచోటిలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. రోజూ గువ్వలచెరువు ఘాట్ మీదుగా కారులోనే వెళ్లి వస్తాను. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కడం కష్టమై ఆటోమేటిక్ తీసుకున్నాను. 2016 మోడల్, డీజిల్, 6 స్పీడ్, సెకండ్ హ్యాండ్. మీటరు లక్షా ఇరవై వేలు దాటింది. ఏ కంపెనీదో రాయను. ఒక్క బండిని చూసి కంపెనీని అనడం నాకిష్టం లేదు.

కడప నుంచి ఘాట్ మొదలయ్యే దాకా ఏ తేడా ఉండదు. ఘాట్‌లో లారీ వెనక నెమ్మదిగా ఎక్కుతూ, దారి దొరికాక యాక్సిలరేటర్ తొక్కితే రెండు నుంచి మూడుకు మారే చోట ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. ఆర్‌పీఎం ముల్లు 1,800 నుంచి 3,000 దాకా పోతుంది, బండి మాత్రం ముందుకు లాగదు. కాసేపటికి చిన్న కుదుపుతో పట్టుకుంటుంది. ఎడమ పక్క లారీ, ఎదురుగా మలుపు. ఆ కాసేపట్లో నా టెన్షన్ ఎట్లుంటుందో ఆ రోడ్డు తెలిసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. సాయంత్రం ఇంటికొచ్చి పార్కింగ్ కోసం రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు. తర్వాత దబ్బుమని తగులుకుంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రివర్స్ మామూలుగానే పడుతుంది. డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగలేదు.

ఇక్కడ ఒక గ్యారేజీలో కాసేపు తిప్పి చూసి, గేర్‌బాక్స్ పోయింది, దింపి మొత్తం కొత్తగా కట్టాలి, రెండున్నర లక్షలు అన్నారు. ఇంకో చోట ఆయిల్ ఫ్లష్ చేస్తే చాలన్నారు. ఒకే జబ్బుకు ఇంత దూరం దూరం మందులా? అసలు ఏమేం పరీక్షలు చేయించాలో, మెకానిక్‌ను ఏం అడగాలో తెలిసిన వాళ్లు చెప్పండి.

నంద్యాల రోడ్డు:

మేడం, మీది సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) కాదు కదా? మా బావ బండి సీవీటీ. అందులో గట్టిగా తొక్కితే ముందు ఇంజిన్ అరుస్తుంది, బండి వెనకాల అందుకుంటుంది. అది జబ్బు కాదు, దాని తీరే అంత. మామూలు ఆటోమేటిక్ అయితే మాత్రం గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలిపే అడిటివ్ డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఒకటి పోసి చూడండి, పోయేదేముంది.

అనంతపురం షెడ్డు:

మేడం, దయచేసి ఇప్పుడే ఏ డబ్బా పోయకండి. అడిటివ్ పోశాక ఆయిల్ రంగు, వాసన చూసి ఏదైనా చెప్పడం కష్టమైపోతుంది. ఉన్న సాక్ష్యం పోతుంది.

ఇంకో మాట. ఇది తేలే వరకు ఆ ఘాట్‌లో లీవర్ డిలో పెట్టి ఓవర్‌టేక్ చేయకండి. వెళ్లక తప్పకపోతే లీవర్‌ను మాన్యువల్ మోడ్‌లోకి నెట్టి రెండో గేరులోనే నిదానంగా ఎక్కండి. ఎందుకో కింద చెబుతాను.

నేను బెంగళూరులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు మాత్రమే విప్పే చోట పని నేర్చుకున్నాను. ఇప్పుడు అనంతపురంలో సొంత షెడ్డు. లెవెల్ చూడకుండా, స్కానర్ పెట్టకుండా "పోయింది, దింపాలి" అని తేల్చేసిన బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి. వాటిని చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. దింపాల్సి రావచ్చు, నేను కాదనను. కానీ ఎందుకు దింపుతున్నామో చెప్పలేనివాడు దింపకూడదు.

మీరు రాసిన దాంట్లో రెండు ముక్కలు చాలా విలువైనవి. మూడో గేరు జారుతోంది, రివర్స్ ఆలస్యంగా పడుతోంది. పైకి చూస్తే ఈ రెండింటికీ సంబంధం లేదు. లోపల ఉంది. మీలాంటి 6 స్పీడ్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ గేర్‌బాక్స్‌లు చాలావాటిలో మూడు, ఐదు, రివర్స్, ఈ మూడింటికీ పనిచేసే క్లచ్ ప్యాక్ (ఆయిల్ ఒత్తిడితో నొక్కుకుని పట్టే ప్లేట్ల కట్ట) ఒకటే. దాన్ని 35ఆర్ అంటాం. రెండుకీ ఆరుకీ పట్టేది వేరు. ఒకటి నుంచి నాలుగు దాకా పనిచేసేది ఇంకొకటి. ఏ గేరుకు ఏయే క్లచ్‌లు పట్టుకుంటాయో చూపే పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మెకానిక్‌ను మొదట అడగాల్సింది ఆ పట్టికే. రెండో గేరు సంగతి కూడా అందుకే చెప్పాను. మీ బండిదీ ఇదే అమరిక అయితే అనుమానం ఉన్న క్లచ్‌కు రెండో గేరులో పనే లేదు.

కాబట్టి మీరు గమనించాల్సింది ఐదో గేరు. చదును రోడ్డు మీద, బండి బాగా వేడెక్కాక, నాలుగు నుంచి ఐదుకు మారేటప్పుడు కూడా ఆర్‌పీఎం కొంచెం ఎగురుతోందా? మూడు, ఐదు, రివర్స్ మూడూ తేడాగా ఉండి, మిగతావి బాగుంటే అది ఆ ఒక్క క్లచ్ దారిలోని లోపం. అన్ని గేర్లూ జారుతుంటే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి. అంటే ఆయిల్ లెవెల్, పంపు, లైన్ ప్రెషర్ (పంపు నుంచి అన్ని క్లచ్‌లకూ వెళ్లే ఆయిల్ ఒత్తిడి).

ఇక లెవెల్. ఈ గేర్‌బాక్స్‌లు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. చదునైన చోట బండిని లిఫ్ట్ మీద సమంగా ఎత్తి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, లీవర్‌ను అన్ని స్థానాల్లో ఒకసారి తిప్పి, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ లెవెల్ బోల్టు విప్పాలి. మీ తరహా గేర్‌బాక్స్‌కు సాధారణంగా 50 నుంచి 60 డిగ్రీల మధ్య. సన్నని ధారగా కారి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. అస్సలు కారకపోతే తక్కువ. ఇంజిన్ ఆపి విప్పినా, ఆయిల్ వందకు వేడెక్కాక విప్పినా ఆ లెవెల్ తప్పే. ఆయిల్ వేడికి ఉబ్బుతుంది మరి.

కారిన ఆయిల్‌ను తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేయించుకుని మీ కళ్లతో చూడండి. ఎర్రగా ఉంటే సరే. లక్ష దాటిన బండికి కాస్త గోధుమ రంగు తిరిగినా కంగారు లేదు. నల్లగా ఉండి మాడిన వాసన కొడితే క్లచ్ ప్లేట్ల లైనింగ్ కాలుతున్నట్టు. వేళ్ల మధ్య రుద్దితే మిలమిలలాడే రజను కనిపిస్తే లోహం అరుగుతోంది. లేత గులాబీ రంగులో పాలు కలిసినట్టుంటే రేడియేటర్‌లోని కూలర్ పగిలి కూలెంట్ కలిసింది. అది అన్నిటికన్నా చెడ్డది. లైనింగ్‌ను ప్లేటుకు అంటించిన జిగురునే వదిలించేస్తుంది. గేర్‌బాక్స్‌లో లోహపు రజను పట్టుకోవడానికి ఉండే అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంటే సహజమే. సూదుల్లాంటి ముక్కలుంటే కాదు.

ఇప్పుడు అసలైన పరీక్ష. గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను చదవగల స్కానర్ కావాలి. ఫోన్‌కు కలిపే చిన్న డాంగిల్స్ చాలా వరకు ఇంజిన్ లెక్కలే చూపిస్తాయి. మూడు వేగాలు పక్కపక్కన పెట్టించండి: ఇంజిన్ వేగం, టర్బైన్ వేగం, అవుట్‌పుట్ వేగం. టర్బైన్ అంటే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) దాటాక గేర్‌బాక్స్ లోపలికి వచ్చే వేగం. బండి జారిన క్షణంలో ఇంజిన్ వేగం పెరిగి టర్బైన్ పెరగకపోతే ఆ జారుడు కన్వర్టర్‌లో ఉంది. ఇంజిన్, టర్బైన్ రెండూ కలిసి ఎగిరి అవుట్‌పుట్ అక్కడే ఉంటే జారుతున్నది లోపలి క్లచ్.

లెక్క కూడా కష్టం కాదు. మీ మూడో గేరు నిష్పత్తి 1.8 అనుకుందాం. అవుట్‌పుట్ 1,000 ఉంటే టర్బైన్ 1,800 ఉండాలి. 2,100 ఉందంటే మూడు వందలు జారిపోతోంది. కంప్యూటర్ కూడా ఇదే లెక్క చూసుకుంటుంది. తేడా మితిమీరితే మూడో గేరుకు పి0733 అనే కోడ్ రాస్తుంది, ఐదుకు పి0735, రివర్స్‌కు పి0736. లైటు వెలగకపోయినా పెండింగ్‌లో ఉండొచ్చు, చూడమనండి.

బ్రేకు గట్టిగా తొక్కి పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చే స్టాల్ టెస్ట్ గురించి ఎవరో ఒకరు చెబుతారు. మీరు సొంతంగా చేయకండి. తెలిసినవాడు చేసినా ఐదు సెకన్లకు మించకూడదు, మధ్యలో న్యూట్రల్‌లో చల్లారనివ్వాలి. పైగా డిలో అది మొదటి గేరునే పరీక్షిస్తుంది. మీ మూడో గేరు గురించి ఏమీ చెప్పదు. ఆర్‌లో చేస్తేనే ఆ క్లచ్ బయటపడుతుంది.

కడప లెక్చరమ్మ:

ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి దండం అన్నా. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, స్కానర్ ఉన్న ఇంకో షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన విసుక్కోకుండా అన్నీ చేశారు.

లెవెల్ బోల్టు విప్పితే ఒక్క చుక్క రాలేదు. ముప్పావు లీటరు పైగా పోశాక గానీ ధార రాలేదు. ఎడమ వైపు డ్రైవ్ షాఫ్ట్ ఆయిల్ సీల్ దగ్గర తడి, దాని మీద దుమ్ము గట్టిగా పేరుకుంది. ఆయిల్ గోధుమ రంగు, మాడిన వాసన కొద్దిగా. మెరిసే రజను లేదు, గులాబీ రంగు లేదు. పెండింగ్‌లో పి0733 ఉంది. సీల్ మార్చి, మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోశారు.

తర్వాత మెకానిక్ బండి నడిపారు, పక్కన మా తమ్ముడు స్కానర్ పట్టుకుని రికార్డు చేశాడు. ఘాట్‌లో ఇంతకుముందంత ఘోరంగా లేదు. కానీ పూర్తిగా పోలేదు. మూడోది పడేటప్పుడు ఇంజిన్ 2,650, టర్బైన్ 2,600, అవుట్‌పుట్ 1,300. ఆయిల్ ఉష్ణోగ్రత 112 డిగ్రీలు. మీరు అడిగిన ఐదో గేరు కూడా చూశాం. చిన్నగా ఎగురుతోంది, ఇన్నాళ్లూ నేను పట్టించుకోలేదంతే. రెండు, నాలుగు, ఆరు శుభ్రంగా ఉన్నాయి.

అనంతపురం షెడ్డు:

మంచి పని చేశారు మేడం. ఇంత స్పష్టంగా డేటా తెచ్చేవాళ్లు నాకు తక్కువ.

1,300ను 1.8తో గుణిస్తే 2,340. మీ టర్బైన్ 2,600 ఉంది. అంటే క్లచ్ దగ్గర 260 జారుతోంది. ఇంజిన్‌కూ టర్బైన్‌కూ తేడా 50 మాత్రమే, కాబట్టి కన్వర్టర్ మీద నాకు అనుమానం లేదు. మీ బండి నిష్పత్తి సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో చూసి ఇదే లెక్క మళ్లీ వేయించండి.

లెవెల్ తక్కువ కావడం కొంత చేటు చేసింది. ఎక్కుడులో ఆయిల్ వెనక్కి పోయి పంపు గాలి పీల్చుకుంటే ప్రెషర్ పడిపోతుంది. అది సరిచేశారు కాబట్టి కొంత తగ్గింది. కానీ లెవెల్ ఒక్కటే కారణమైతే ఇబ్బంది పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ కనిపించాలి, అప్పుడు ఆయిల్ ఇంకా కిందికి ఉంటుంది. మీకు తిరగేసి ఉంది. రబ్బరు సీల్ గట్టిపడినా చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ బాధపెడుతుంది. వేడెక్కాకే జారుతోందంటే ఆయిల్ పలచబడి ఎక్కడో సందులోంచి తప్పించుకుంటోంది. వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే భాగం) అరిగిన రంధ్రం కావచ్చు, ఆ క్లచ్‌కు ప్రెషర్ పంపే సొలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వ్) కావచ్చు, ప్లేట్ల కట్ట కూర్చునే క్లచ్ డ్రమ్ముకు ఉండే సీలింగ్ రింగులు కావచ్చు, ఆ ప్లేట్లను నొక్కే పిస్టన్‌కు ఉండే సీల్ పెదవి అరిగి ఉండొచ్చు.

మొదటి రెండింటికి గేర్‌బాక్స్ దింపనక్కర్లేదు. తర్వాతి రెండింటికి దింపాలి. రెండున్నర లక్షల ప్రశ్న అంతా ఇక్కడే ఉంది. దీన్ని ఊహతో తేల్చకండి, దానికీ పరీక్ష ఉంది.

మీ తరహా గేర్‌బాక్స్‌లో వాల్వ్ బాడీ పక్క మూత కింద ఉంటుంది, బండి మీదే విప్పొచ్చు. అది తీశాక క్లచ్‌లకు ఆయిల్ వెళ్లే రంధ్రాలు బయటపడతాయి. 35ఆర్ రంధ్రంలోకి రబ్బరు ముక్క అడ్డుపెట్టిన గన్‌తో, మాన్యువల్ చెప్పినంత గాలి పంపాలి. బాగున్న క్లచ్ అయితే లోపల పిస్టన్ కదిలి టప్ మని ఒక శబ్దం వస్తుంది, గాలి నిలబడుతుంది. బుస్ మని కారిపోతూ శబ్దం మెత్తగా వస్తే సీల్ లేదా రింగులు పోయినట్టు. రింగుల దగ్గర కొంత గాలి కారడం సహజం, అందుకే పక్కనున్న నాలుగో గేరు క్లచ్‌కు కూడా గాలి పెట్టి రెండింటినీ పోల్చాలి. ఈ పోలిక చేయకుండా తేల్చేవాడి మాట నమ్మకండి.

గాలి నిలబడితే సొలినాయిడ్, వాల్వ్ బాడీ చూసుకోండి. కారిపోతే దింపండి, భయపడకండి.

ఇంకొకటి, 112 డిగ్రీలు ఎక్కువే. 80 నుంచి 100 మధ్య ఉంటే నాకు నెమ్మదిగా ఉంటుంది. 120 దాటితే ఆయిల్ ఆయుష్షు చాలా వేగంగా తరిగిపోతుంది. జారే క్లచ్ తనంతట తాను వేడి పుట్టిస్తుంది, ఆ వేడి ఆయిల్‌ను పలచన చేస్తుంది, అది మళ్లీ జారుడు పెంచుతుంది. కూలర్ ముందు దుమ్ము, పురుగులు నిండాయేమో కూడా చూడమనండి. మన ఎండలకు అది చిన్న విషయం కాదు.

బళ్లారి చౌరస్తా:

అన్నా, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. నాది కర్నూలు, ఏఎంటీ బండి. ట్రాఫిక్‌లో పాకించుకుంటూ పోతే మాడిన వాసన వస్తోంది. నేను కూడా ఈ లెవెల్, రంగు అన్నీ చూపించుకోవాలా?

అనంతపురం షెడ్డు:

నీది వేరే కథ తమ్ముడూ. 2014లో సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. ఒక్క పొడి క్లచ్ ప్లేటు, దాన్ని మన కాలికి బదులు యాక్చుయేటర్ తొక్కుతుంది. పైన రాసిన ఆయిల్ పరీక్షలు దానికి పనికిరావు. ఖాళీ రోడ్డు మీద మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరులో పెట్టి, ముప్పై నలభై వేగంలో ఒక్కసారి బాగా తొక్కి చూడు. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే ప్లేటు అరిగిపోయింది. ప్లేటు మార్చాక స్కానర్‌తో క్లచ్ పట్టే చోటును మళ్లీ నేర్పించాలి, అది చేయకపోతే కొత్త ప్లేటు కూడా త్వరగా పోతుంది. ఎక్కుడులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేకు వేయి. పాకించడం కన్నా ముందు బండికి కొంచెం దూరం వదిలి ఒకేసారి కదులు.

కడప లెక్చరమ్మ:

వాల్వ్ బాడీ తీసి గాలి పెట్టించాను అన్నా. అక్కడే నిలబడి విన్నాను. నాలుగో గేరు క్లచ్‌కు పెట్టినప్పుడు టప్ మని స్పష్టంగా వచ్చింది. 35ఆర్‌కు పెడితే బుస్ మంటూనే ఉంది, శబ్దం వచ్చీ రానట్టు వచ్చింది. మెకానిక్ నా వైపు చూశారు, ఆయన చెప్పకముందే నాకు అర్థమైంది.

గేర్‌బాక్స్ దింపాల్సిందే. కానీ ఇప్పుడు ఎందుకో నాకు తెలుసు. ఆ డ్రమ్ము సీల్స్, రింగులు, ఆ ప్యాక్ ప్లేట్లు మారుస్తామని, మిగతావి విప్పి చూసి అరిగినవే మారుస్తామని రాసిచ్చారు. ఖర్చు మొదట చెప్పిన దాంట్లో సగం కూడా కాదన్నారు. సెలవులు మొదలవుతున్నాయి కాబట్టి కాలేజీకి వెళ్లే బెంగ కూడా లేదు. దింపేటప్పుడు నేను ఇంకేమైనా చెప్పాలా?

అనంతపురం షెడ్డు:

చెప్పాలి మేడం. తీసిన పాత ప్లేట్లు పారేయకుండా మీకు చూపించమనండి. లైనింగ్ నల్లబడి నున్నగా మెరుస్తుంటే, స్టీల్ ప్లేట్ల మీద నీలం మచ్చలుంటే ఎంత వేడికి గురైందో తెలుస్తుంది. ప్యాక్ బాగా కాలి ఉంటే ఆ చెత్త కూలర్‌లో, గొట్టాల్లో ఉండిపోయి ఉంటుంది. వాటిని కడగకుండా కొత్త ఆయిల్ పోస్తే ఆ చెత్తంతా మళ్లీ వాల్వ్ బాడీకే చేరుతుంది. పిస్టన్‌కు పగులు ఉందేమో వెలుతురులో తిప్పి చూడాలి.

కొత్త ప్లేట్లను బిగించే ముందు అదే ఆయిల్‌లో నానబెట్టాలి, పొడిగా బిగిస్తే మొదటి రోజే కాలతాయి. ప్యాక్ బిగించాక ప్లేట్ల మధ్య సందు కొలిచి మాన్యువల్‌లోని లెక్కతో పోల్చాలి. కొలతను కాగితం మీద రాయించుకోండి. పంపు దగ్గరి సీల్, రెండో వైపు డ్రైవ్ షాఫ్ట్ సీల్ కూడా ఈ విప్పుడులోనే మార్పించండి, వాటి ఖర్చు చిన్నది. బిగించే ముందు అదే రంధ్రంలోకి ఇంకోసారి గాలి పెట్టి మీకు వినిపించమనండి.

లెవెల్ పట్టాక స్కానర్‌తో పాత అడాప్టేషన్ చెరిపేసి కొత్తగా నేర్పించాలి. కంప్యూటర్ అరిగిన క్లచ్‌కు అలవాటుపడి ఉంటుంది, చెరపకపోతే కొత్త క్లచ్‌కు కూడా గేర్లు దబ్బుదబ్బుమని పడతాయి. మొదట కడప ఊళ్లో, చెన్నూరు రోడ్డు మీద నెమ్మదిగా తిప్పండి. తర్వాతే ఘాట్. అక్కడ మళ్లీ ఆ మూడు వేగాలూ, ఉష్ణోగ్రతా రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.